మళ్ళీ తీసిన ఆట

శుక్రవారం మధ్యాహ్నమైతే చిన్నబండపల్లె బడిలో ఉషారాణి మేడమ్ మాట ఎవరూ వినరు. వినకూడదని నియమం పెట్టింది కూడా ఆమే. ఆ పూట ఏ పాఠాన్ని ఏ ఆటగా ఆడాలో, ఎవరు ఏ వేషం వెయ్యాలో, మేడమ్ ఫోనుతో ఎవరు వీడియో తియ్యాలో పిల్లలే తేల్చుకోవాలి. తీసింది అందరికీ నచ్చాక 'మా బడి' అనే వాట్సాప్ గ్రూపులో పెట్టాలి. ఆ గ్రూపులో ఊరి తల్లిదండ్రులు ఉన్నారు, ఊరికి ఎడంగా ఉన్న ఎస్సీ కాలనీ తల్లిదండ్రులు ఉన్నారు, కుప్పంలో రైలెక్కి బెంగళూరు పోయి బట్టల ఫ్యాక్టరీల్లో కుట్టుమిషన్ల ముందు కూర్చునే తల్లులూ ఉన్నారు.

ఇదంతా ఆమె ఏ శిక్షణలోనో నేర్చుకుని వచ్చింది కాదు. శిక్షణల్లో ఆమె నేర్చుకున్నది నిద్ర ఆపుకోవడం ఒక్కటే. శాంతిపురం మండలంలోని ఈ ఊరికి బదిలీ మీద వచ్చిన కొత్తలో లీటర్లు, మిల్లీలీటర్లు చెప్పలేక గొంతు చించుకుంది. ఏమడిగినా బిక్కమొహాలు వేసే ఆ పిల్లలే ఒకరోజు వరండాలో పాలకేంద్రం ఆట ఆడుతూ కనబడ్డారు. కొలపాత్రకు బదులు పాత నీళ్ళసీసా, వెన్న ఎంతుందో చూసే మిషనుకు బదులు చాక్‌పీసుల డబ్బా. "అర్ధలీటరు తక్కువ పోసినావు, నాకేం కండ్లు లేవనుకుంటివా?" అని అప్పటికి మూడో తరగతిలో ఉన్న దీపిక అనే పిల్ల దబాయిస్తుంటే ఉషారాణి గుమ్మంలోనే నిలబడిపోయింది. ఆ సాయంత్రానికి లీటరంటే తెలియని పిల్ల ఆ బడిలో లేదు. అప్పటినుంచి శుక్రవారం వాళ్ళ సొంతమైంది.

ఉషారాణిది మదనపల్లె పక్కనున్న నిమ్మనపల్లె. చదివింది మదనపల్లెలో, మెట్టింది పుంగనూరులో. వారమంతా కుప్పంలో చిన్న గది అద్దెకు తీసుకుని ఉండి, సెలవులకు బస్సెక్కి పుంగనూరు పోతుంది. ఉద్యోగంలో చేరిన మొదటిరోజే ఊరి పెద్దరైతు మునిరత్నం బడికి వచ్చి, "మీది యా ఊరమ్మా? మీ నాయన పేరేమి? ఏం జేస్తాండె?" అని నాలుగు మాటల్లో ఆమె పుట్టుపూర్వోత్తరాలు లాగేశాడు. నాయన బస్సు కండక్టరని చెప్పింది. తాత సంగతి ఆయన అడగలేదు, ఆమె చెప్పలేదు. తాత నిమ్మనపల్లె కాలనీలో ఉంటూ పరాయి పొలాల్లో కూలి చేసి బతికినవాడు. మునిరత్నానికి అడగకుండానే అర్థమైపోయింది, కాలనీవాళ్ళకూ తెలిసిపోయింది. అయినా "మేడమ్" అనే పిలిచాడు. ఆ మర్యాదకు ఆమె కొంచెం ఎక్కువే మురిసిపోయింది.

బడికి మాత్రం గడ్డుకాలం నడుస్తోంది. కుప్పం నుంచి ప్రైవేటు బడి పసుపు వ్యాను వచ్చి హారన్ కొట్టి కొట్టి పిల్లల్ని ఏరుకుపోతోంది. పోయిన ఏడు తనిఖీకి వచ్చిన ఆఫీసరు మొహమాటం లేకుండా చెప్పేశాడు. ఉన్న పిల్లలు ఇంక తగ్గితే ఈ బడిని ఎత్తేసి పక్క ఊరి బడిలో కలిపేస్తారని. పక్క ఊరి బడి పెద్దరోడ్డుకు అవతల ఉంది. గ్రానైటు దిమ్మెలు మోసే లారీలు ఆ రోడ్డు మీద పగలనక రాత్రనక పోతుంటాయి. వ్యానుకు డబ్బు కట్టగలిగినవాళ్ళకు ఫరవాలేదు. దీపిక లాంటివాళ్ళ సంగతే ఆమెకు నిద్ర పట్టనిచ్చేది కాదు. దీపిక తల్లి వరలక్ష్మి బెంగళూరులో కుట్టుపని చేస్తుంది, పిల్లను కాలనీలో అవ్వ బయ్యమ్మ సాకుతోంది. బయ్యమ్మ తెగేసి చెప్పింది: "ఆ రోడ్డు దాటిచ్చి నేను పంపను మేడమ్. బడి ఈడుంటే సదువుకుంటాది. లేకుంటే నా ఎంబడి పసుల కొట్టానికి వస్తాది." అందుకే ఉషారాణి ఆ బడిని పసిబిడ్డను చూసుకున్నట్టు చూసుకుంటోంది.

ఆ శుక్రవారం పాఠం 'మన చుట్టూ పనులు'. పిల్లలు తమ నియమాలు తామే పెట్టుకున్నారు. ఎవరికి ఏ వేషమో చీటీలు తీసి చూడాలి, వచ్చింది మార్చుకోవడానికి లేదు. ఇంకొకటి, సినిమాలో మాదిరి చెయ్యకూడదు, ఇళ్ళల్లో ఎట్లుంటే అట్లే చెయ్యాలి. ఈ రెండో నియమం పెట్టింది దీపికే. మేడమ్ మెచ్చుకుని భుజం తట్టింది కూడా.

చీటీల్లో దీపికకు పాడి రైతు వచ్చింది. పశువుల కొట్టం ఊడ్చే కూలిమనిషి వేషం గణేష్‌కు వచ్చింది. గణేష్ మునిరత్నం మనవడు, నాలుగో తరగతి. వాళ్ళింటి కొట్టం ఊడ్చేది దీపిక అవ్వ బయ్యమ్మే. పిల్లలకు ఇందులో ఏ వింతా కనబడలేదు.

దీపిక మేడమ్ కుర్చీలో కాలు మీద కాలేసుకుని, భుజాన తువ్వాలు వేసుకుని కూర్చుంది. "రేయ్, పేడ ఎత్తినావా?" అంది. గణేష్ చీపురు పట్టుకుని వంగి "ఎత్తినా సామీ" అన్నాడు. "దప్పికైతాందా?" "అవును సామీ." దీపిక లేచి చెంబు అందుకుంది. గణేష్ మోకాళ్ళ మీద వంగి దోసిలి పట్టాడు. చెంబు వాడి చేతికి తగలకుండా జానెడు పైకెత్తి, ఓ పక్కకు చూస్తూ, సన్నగా ధార పోసింది. సగం నీళ్ళు వాడి మోచేతుల మీదుగా కారిపోయాయి. పిల్లలంతా పడీపడీ నవ్వారు. అందరికంటే ఎక్కువ నవ్వింది గణేషే, నీళ్ళు ముక్కులోకి పోయి దగ్గుతూ.

ఉషారాణికి మాత్రం నవ్వు రాలేదు. చెంబు అంత ఎత్తున ఆపాలని ఆ పిల్లకు ఎవరు నేర్పారు? ఎవరూ నేర్పలేదు, చూసింది. ఇన్ని ఫోన్లు, ఇన్ని మిషన్లు వచ్చిన ఈ రోజుల్లో కూడా ఆ ఇంటి కొట్టం దగ్గర బయ్యమ్మకు నీళ్ళు అలాగే పోస్తున్నారు. తన తాత కూడా అలాగే తాగేవాడని అమ్మ ఎప్పుడో చెప్పింది.

"పెట్టమంటారా మేడమ్?" అని పిల్లలు ఫోను పట్టుకుని ఎగురుతున్నారు.

ఒక్క క్షణం ఆగింది. ఆగినదల్లా "పెట్టండి" అంది. ఆ మాట అంటున్నప్పుడు లోపలెక్కడో కాస్త తీపిగా కూడా అనిపించింది. చూడనీ, ఒక్కసారి అటువైపునుంచి చూడనీ అనుకుంది. తన చేతికి మట్టి అంటకుండా పిల్లల ఆట మాటున దాక్కుని అనిపించాలనుకున్న మాట అది. దానికి ఆమె తరువాత ఏడవని రోజు లేదు.

మర్నాడు రెండో శనివారం సెలవు. ఆ సాయంత్రం ఆమె ఎక్కిన బస్సు పుంగనూరు చేరకముందే ఆ వీడియోను అందరూ చూసేశారు. ఎవరూ తిట్టలేదు, ఎవరూ గ్రూపు వదిలిపోలేదు. మునిరత్నం దగ్గర్నుంచి ఒకే మాట వచ్చింది: "సూస్తిమి." ఆ ఒక్క మాట చూసి ఆమెకు అన్నం సయించలేదు.

సోమవారం ఊరి పిల్లలు ఒక్కరూ రాలేదు. వ్యానువాడు రెండుసార్లు తిరిగాడు. బయ్యమ్మను పనికి రావద్దన్నారని దీపిక చెప్పింది. అదేదో సెలవు దొరికినట్టు చెప్పింది పిల్ల. మధ్యాహ్నానికి ఆఫీసరు ఫోను చేశాడు. "మీ బడి మీద ఫిర్యాదొచ్చింది మేడమ్. గురువారం వచ్చి పిల్లల్ని లెక్కబెడతాను. ఉన్నవాళ్ళను బట్టి రాసి పంపడమే, నా చేతిలో ఏమీ లేదు." ఉషారాణి ఆ సాయంత్రం ఊళ్ళో ఇల్లిల్లూ తిరిగింది. కాళ్ళావేళ్ళా పడింది. అందరిదీ ఒకటే జవాబు: "మునిరత్నం పంపితే మేమూ పంపుతాం మేడమ్."

మర్నాడు మునిరత్నం ఇంటికి వెళ్ళింది. ఆయన అరుగు మీద కూర్చుని టమాటా ధరలు ఫోన్లో చూసుకుంటున్నాడు. లేచి నిలబడి కుర్చీ వేయించాడు. ఆయన భార్య రామలక్ష్మమ్మ కాఫీ తెచ్చి ఇచ్చింది. తలుపు వెనక గణేష్ నిలబడి ఉన్నాడు.

"పిల్లోళ్ళు ఆడుకున్నారప్పా" అంది ఉషారాణి. ఇక్కడికొచ్చి ఇన్నాళ్ళయ్యాక ఆమె మాట కూడా ఈ ఊరి మాటలాగే అయిపోయింది. "చీటీలో ఎవురికేమొస్తే అది ఆడినారు. అంతకు మించి ఏమీ లేదు."

"ఆటని నాకి తెలీదా అమ్మా! నా మనవడు దోసిలి పట్టినాడని గాదు నా బాధ. ఇది మునిరత్నం ఇంటి కతే అని సూసినోళ్ళంతా నవ్వుతాండారు. కుప్పం మార్కెట్‌లో నా మొగం సూసి నవ్వుతాండారు. నా ఇల్లు నడిబజార్న పెడితివి గదమ్మా."

అది నీ ఇంటి కథ కాదా అప్పా? ఆ ప్రశ్న ఆమె నాలుక చివరిదాకా వచ్చింది. కాఫీతో పాటు మింగేసింది.

"నేను సెమాపణ సెప్తానప్పా. అందరి ముందరా సెప్తా. గ్రూపులోనే సెప్తా. దండం పెడతా, బడి పోనీయొద్దు. చిన్నబిడ్డలు లారీల మద్దిన రోడ్డు దాటాల."

"నీ సెమాపణ నాకెందుకమ్మా? నిన్ను మేము ఏ పొద్దయినా ఒక మాటంటిమా?" మునిరత్నం గొంతు మెత్తగానే ఉంది. ఆ మెత్తదనమే ఆమెను భయపెట్టింది. "ఒక పని సెయ్యి. అదే ఆట మళ్ళా ఆడించు. ఎవురుండాల్సిన కాడ వాళ్ళుండల్ల. అదే గ్రూపులో పెట్టు. అది సూసినాక మా పిల్లోళ్ళంతా వస్తారు. బయ్యమ్మ గూడా పనికి రానీ, నాకేం పగ లేదు."

"బిడ్డలతో వద్దప్పా..."

"బిడ్డలతోనే గదా మొదులు పెడితివి."

 తలుపు వెనకున్న గణేష్ లోపలికి పరుగెత్తాడు. ఉషారాణి ఖాళీ గ్లాసు అరుగు మీద పెట్టి లేచింది. కుప్పం తిరిగి వచ్చేంతవరకూ తనకు తానే నచ్చజెప్పుకుంది. అర నిమిషం వీడియో. వారంలో అందరూ మరిచిపోతారు. దానికి బదులు బడి నిలబడుతుంది, దీపిక చదువుకుంటుంది. ఎటు తిప్పి చూసినా లెక్క సరిగ్గానే వస్తోంది. గుండె మాత్రం ఒప్పుకోవడం లేదు.

బుధవారం మధ్యాహ్నం గణేష్ ఒక్కడే బడికి వచ్చాడు, ఇంట్లోవాళ్ళు పంపితే. దీపికను పక్కకు పిలిచి ఎలా మొదలుపెట్టాలో తెలియక ఉషారాణి నీళ్ళు నములుతుంటే ఆ పిల్లే అందుకుంది.

"మళ్ళా ఆడాలంట గదా మేడమ్? గణేష్ సెప్పినాడు."

"నీకిష్టం లేకపోతే వద్దమ్మా."

"ఆడకుంటే బడి మూసేస్తారంట గదా?"

ఉషారాణి అవునని తలూపింది. తొమ్మిదేళ్ళ పిల్ల నెత్తిన బడి మొత్తాన్ని పెట్టి తల ఊపింది.

"చీటీలు ఎయ్యలేదే మేడమ్?" అని ఎవరో అడిగారు. ఈసారి చీటీలు లేవంది. ఫోను పట్టుకోవడానికి ఎప్పుడూ కొట్టుకుచచ్చే పిల్లలు ఆరోజు ఒక్కరూ ముందుకు రాలేదు. తానే పట్టుకుంది.

గణేష్ కుర్చీలో అంచు మీద కూర్చున్నాడు. చెప్పాల్సిన మాటలు గొణిగాడు. దీపిక చీపురు పక్కన పెట్టి దోసిలి పట్టింది. గణేష్ చెంబును ఆమె వేళ్ళకు ఆనించి పోశాడు, నేస్తానికి పోసినట్టే.

దీపిక చేతులు దులుపుకుని లేచింది. "అట్లగాదు గణేషా. పైకెత్తాల. సెంబు నాకి తగలగూడదు."

"నాకి రాదు" అన్నాడు వాడు.

"రాకపోవడమేంది? మీ అవ్వ పోస్తాంటే రోజూ సూస్తావు గదా. ఇట్ల ఎత్తు." వాడి మోచెయ్యి పట్టి తానే పైకి లేపింది. "ఇంగా పైకి. నా మొగం సూడొద్దు, ఆ పక్కకు సూడల్ల."

రెండోసారి వాడు నీళ్ళన్నీ ఆమె గౌను మీద పోశాడు. మళ్ళీ తీద్దామంది దీపిక. మూడోసారి తాను ఇంకా కిందికి వంగింది. "మా అవ్వ ఇట్ల వంగుతాది మేడమ్, పోయినసారి గణేషు సరింగా వంగలేదు" అని మేడమ్‌కు చెప్పింది కూడా. గణేష్ కళ్ళనుంచి నీళ్ళు కారిపోతున్నాయి. "ఏడ్సొద్దులే, వీడియో సెడిపోతాది" అని దోసిలి పడుతూ మెల్లగా చెప్పింది. ఈసారి ధార సన్నగా, ఎత్తునుంచి, ఎక్కడా తగలకుండా పడింది. ఉషారాణి చెయ్యి వణకకుండా ఫోను పట్టుకుంది. అలా పట్టుకోగలిగినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది.

"బాగొచ్చిందా మేడమ్?" తడిసిన గౌను పిండుకుంటూ దీపిక అడిగింది. "ఇంగ మూయరు గదా?"

"మూయరమ్మా" అంది ఉషారాణి. గ్రూపులో పెట్టడానికి వేలు తానే నొక్కింది.

కాసేపటికే ఊరివాళ్ళ దగ్గర్నుంచి పైకెత్తిన బొటనవేలి బొమ్మలు వరసగా వచ్చాయి. మునిరత్నం మాట రికార్డు చేసి పంపాడు: "బాగుండాదమ్మా మేడమ్. రేపటినించి మా పిల్లోళ్ళొస్తారు." ఆ రాత్రి చాలా రోజుల తర్వాత ఆమెకు నిద్ర పట్టింది.

గురువారం ఊరి పిల్లలంతా తలలు దువ్వుకుని, పౌడరు రాసుకుని వచ్చారు. ఒక్కరు తగ్గలేదు. ఉషారాణి వాళ్ళను చూసి కళ్ళు తుడుచుకుంది. పోయిన ప్రాణం లేచొచ్చినట్టయింది. ప్రార్థన గంట కొట్టింది. అప్పుడు చూసుకుంది. కాలనీ వైపు నుంచి పిల్లలు ఒక్కరూ రాలేదు. ఆలస్యమైందేమో అనుకుంది. ఇంకో గంట కొట్టింది. పాఠం చదువుతూ ఉండమని పిల్లలకు చెప్పి తానే బయలుదేరింది.

బయ్యమ్మ ఇంటి ముందర ఆటో ఆగి ఉంది. కాలనీ తల్లిదండ్రులు చాలామంది అక్కడే నిలబడి ఉన్నారు. ఎప్పుడూ ఎదురొచ్చి పలకరించేవాళ్ళు ఒక్కరూ కదలలేదు. ఇంట్లోనుంచి వరలక్ష్మి బయటికి వచ్చింది. తెల్లారి రైలుకే బెంగళూరు నుంచి వచ్చినట్టుంది, కళ్ళు వాచి ఉన్నాయి. పక్కనే దీపిక, చేతిలో బట్టల సంచి.

"నీళ్ళేమన్నా తాగుతారా మేడమ్?" అంది వరలక్ష్మి. ఆ మర్యాద చెంపదెబ్బ కంటే గట్టిగా తగిలింది.

"దీపికను యాడికి పిల్సకపోతాండావు వరలక్ష్మీ? ఈ పొద్దు ఆఫీసరొస్తాడు..."

"ప్రతి శుక్రారమూ వీడియో వస్తానే మా మిషన్ల లైన్లో ఆడోళ్ళందర్నీ పిలిచి సూపిస్తా మేడమ్. సూడండి నా బిడ్డ ఎట్ల సదువుకుంటాండాదో అని. నిన్నా అట్లే పిలిస్తి. నేను సూడకముందే వాళ్ళకు సూపిస్తి." దీపికను దగ్గరికి లాక్కుంది. "వాళ్ళు మాట్లాడకుండా లేసిపాయిరి. అప్పుడు సూస్తి నేను."

"బడి కోసరమే సేస్తి వరలక్ష్మీ. నీ బిడ్డ కోసరమే. వేరే దోవ లేకపాయె."

"వాళ్ళకి కోపమొచ్చిందని వాళ్ళింటికి పోయి దండం పెడితిరి గదా." వరలక్ష్మి గొంతు పెంచలేదు. "మాకీ కోపమొస్తాదని మీకు తోచనే లేదు గదా మేడమ్? మీకు గూడా."

చివరి రెండు మాటలు ఉషారాణికి ఎక్కడ తగలాలో అక్కడే తగిలాయి. నిజంగానే తోచలేదు. ఊళ్ళో ప్రతి గడపా ఎక్కి దిగింది, ఈ వీధికి మాత్రం రాలేదు. వీళ్ళెప్పుడూ ఉంటారులే అనుకుంది. వీళ్ళు సర్దుకుంటారులే అనుకుంది. తన తాత బతికిందీ ఇలాంటి వీధిలోనే. ఆ వీధి వాళ్ళకు ఒక మనసు ఉంటుందని మునిరత్నం మరిచిపోయినట్టే తానూ మరిచిపోయింది.

"మా పిల్లోళ్ళనీ పంపము" అన్నాడు ఆటో నడిపే బాలప్ప, పక్కనుంచి. "అప్పో సప్పో సేసి కుప్పంలో సేరుస్తాము. లేదంటే ఇంట్లోనే కూసుంటారు. ఆ బడికి పంపము."

"దీపికను ఆడ యా బడిలో ఏస్తావు?" అని అడిగింది ఉషారాణి.

"తెలీదు మేడమ్. నేను డ్యూటీకి పోతే రూములో ఉంటాది. సూస్తాము." వరలక్ష్మికి కూడా ఆ జవాబు మీద నమ్మకం లేదు. అయినా సంచి ఆటోలో పెట్టింది.

ఉషారాణి ఫోను మోగింది. ఆఫీసరు బడి దగ్గరికి వచ్చేశాడు. "యాడున్నారు మేడమ్? సగం మందే ఉన్నారే! ఉన్నవాళ్ళనే లెక్క రాసుకుని పోతున్నా" అన్నాడు.  ఆమె ఫోను చెవి దగ్గర్నుంచి దించేసింది.

పెద్దవాళ్ళ మొహాలు ఒక్కొక్కటే చూస్తూ నిలబడిన దీపిక ఆమె దగ్గరికి వచ్చి కొంగు పట్టుకుంది.

"బడి మూసేస్తారంటనా మేడమ్?" అంది. "నేను సరింగా సెయ్యలేదా?"

ఉషారాణి కింద కూర్చుని ఆ పిల్లను గట్టిగా పట్టుకుంది.  వరలక్ష్మి వచ్చి బిడ్డ చెయ్యి విడిపించి ఆటో ఎక్కించింది.